సందు మొగలో నాలుగు వందల పన్నెండు మంది

లెక్కలక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, జీతం కాగితం మీద తప్ప దానితో ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు. పాలు తాగే పిల్లల నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా సందులో అందరికీ ఆమె లెక్కలక్కే. సందు మొగలో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. సందంతా ఆయన్ని ఇస్త్రీ మామయ్య అంటుంది. ఆయన కూడా ఆమెను నోరారా అక్కా అనే పిలిచేవాడు.

రోడ్డు పక్కన మడతకుర్చీ వేసుకుని వచ్చేపోయే వాళ్ళను లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. అదీ ఒక ఉద్యోగమేనా అని మూతి విరిచేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఎక్కడ సిగ్నల్ పెట్టాలన్నా, ఎక్కడ వంతెన కట్టాలన్నా, ఏ బస్సు రోజుకు ఎన్నిసార్లు తిరగాలన్నా, చల్లటి గదుల్లో కూర్చున్న పెద్దలు ముందు అడిగేది ఒక్కటే, అటు ఎంతమంది వెళ్తున్నారని. దానికి జవాబు కోసం ఎవరో ఒకరు ఎండలోనూ వానలోనూ ఆ పొగలో కూర్చోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నది లెక్కలక్క.

పనిలో ఆమెది ఒక పద్ధతి. రెండు స్తంభాల మధ్య సుద్దతో నేల మీద గీత గీసేది. కుడి అరచేతిలో కౌంటరు, ఒళ్ళో అట్టకు బిగించిన కాగితాలు. గీత దాటిన ప్రతి మనిషికీ ఒక నొక్కు. పావుగంటకోసారి అంకె చూసి గడిలో రాసి, కౌంటరు మళ్ళీ సున్నాకు తిప్పేది. తల మాత్రం ఎత్తేది కాదు. ముఖాలు చూస్తే మనుషులు గుర్తొస్తారు, మనుషులు గుర్తొస్తే లెక్క పోతుంది అనేది. అందుకని కాళ్ళు మాత్రమే చూసేది. చెప్పులు, బూట్లు, వట్టికాళ్ళు, చేతికర్ర పక్కన ఈడ్చుకుంటూ వచ్చే ఒక కాలు. ఈ నగరంలో సగం మంది ఆమె ముందు నుంచి ఎప్పుడో ఒకప్పుడు నడిచి ఉంటారు, వాళ్ళలో ఒక్కరి మొహం కూడా ఆమెకు తెలియదు.

ఈ లెక్కల పిచ్చి చిన్నప్పుడే పట్టుకుంది. అమ్మానాన్నా ఏడాది తేడాలో పోయేసరికి ఆమెకు ఆరేళ్ళు, అక్కకు పద్దెనిమిది. అక్క బట్టల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ గుండీలు కుప్పలుగా వస్తాయి. వాటిని ఇంటికి తెచ్చుకుని నూరేసి చొప్పున పొట్లాలు కడితే కాస్త పైన ఇచ్చేవారు. పగలంతా మిషను తొక్కి వచ్చిన అక్క కునికిపాట్లు పడుతుంటే, ఆరేళ్ళ చెల్లెలు నేల మీద బోర్లా పడుకుని గుండీలు లెక్కపెట్టేది. ఒక్కరోజు కూడా ఒక్క పొట్లం వెనక్కి రాలేదు. ఫ్యాక్టరీలో మేస్త్రీ ఆ పొట్లాలు విప్పి చూడటం కూడా మానేశాడని అక్క పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ మురిపెమే ఈవిడను పాడుచేసిందని నా అనుమానం.

ఎందుకంటే ఆమె దగ్గర సుమారు అన్న మాట చెల్లదు. సందులో ఒకాయన పోయినప్పుడు, వందమంది వచ్చి సాగనంపారమ్మా అని ఎవరో ఆయన భార్యను ఓదారుస్తుంటే, ఈవిడ పక్క నుంచి ఎనభై ఏడు అంది. ఆ ఇల్లాలు రెండు నెలలు ఈవిడ మొహం చూడలేదు. నాలుగేళ్ళు కాపురం చేసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మొగుణ్ణి మాత్రం లెక్కలోంచి పూర్తిగా కొట్టేసింది. పెట్టె పట్టుకుని అక్క దగ్గరికి వచ్చేసి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. కింది అంతస్తు, గుమ్మం దిగితే సందు. అక్కను సందంతా పెద్దక్క అనేది. మూడేళ్ళ కిందట పెద్దక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం పెద్దాసుపత్రికి వెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకోవాలి. మూడుకు ఒక్కటి తగ్గినా ఊరుకోనని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆసుపత్రి ఆ రోడ్డు చివర. సందు మొగలోనే బస్సు ఆగుతుంది, ఇంటి నుంచి నూట పద్నాలుగు అడుగులు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు పెద్దక్కకు ఆ నూట పద్నాలుగే కొండంత. మధ్యలో ఇస్త్రీ మామయ్య స్టూలు వేసి పెట్టేవాడు. ఎవరో ఒకరు చేతిసంచీ అందుకునేవారు. కారు పిలవాలంటే వారానికి మూడుసార్లు రెండు వైపులా అయ్యే ఖర్చు వాళ్ళ తరం కాదు, పైగా ఆ రోడ్డు మీద కారు కంటే నత్త నయం.

రోడ్డు సంగతి చెప్పనే లేదు. ఎనిమిది కిలోమీటర్ల పొడుగు, రెండు బస్సులు పక్కపక్కన వెళ్తే అద్దాలు రాసుకునేంత వెడల్పు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అది రోడ్డు కాదు, ఇరుక్కున్న జనం. దీనికి విరుగుడుగా రోడ్డు మధ్యలో లైట్ రైలు వేస్తారని కబురు వచ్చింది. జనం దానికి చిన్నరైలు అని పేరు పెట్టుకున్నారు. చిన్నరైలు వస్తే బస్సులకు చోటుండదు, తీసేస్తారు. ఎనిమిది కిలోమీటర్లకు పదకొండు స్టాపులు. టోకు బజారు గేటు దగ్గర ఒకటి, వంతెన దగ్గర ఒకటి ఖాయం. ఆ రెంటికీ మధ్య లెక్కలక్క వాళ్ళ సందు. అక్కడ స్టాపు పెట్టాలా వద్దా అన్నది పన్నెండో ప్రశ్న. పెట్టాలంటే రెండు భవనాలు కొని పడగొట్టాలి. అంత చేయాలంటే పొద్దుటి నాలుగు గంటల్లో కనీసం వెయ్యిమంది ఆ సందు మొగ దాటుతున్నట్టు లెక్క తేలాలి.

ఈ సంగతి ఆఫీసులో వినగానే లెక్కలక్క గుండె కుదుటపడింది. ఎందుకంటే ఆ అంకె ఆమెకు తెలుసు. తను సెలవు పెట్టిన ఒక పనిదినాన, ఊరికే ఉండలేక, సందు మొగ కనిపించే ఇంటి కిటికీలోంచి తన సరదాకు లెక్కపెట్టుకుంది. పదహారు వందల ముప్పై ఎనిమిది. కిటికీ లెక్క కాగితం ఎక్కదు గానీ, సరిగ్గా లెక్కపెడితే చాలు, స్టాపు వచ్చి తీరుతుంది. భయమల్లా సరిగ్గా లెక్కపెట్టరేమోనని. ఆఫీసువాళ్ళు రోజుకూలీకి తెచ్చే కుర్రకారు ఫోనులో మొహం పెట్టుకుని, చివర్లో గడులన్నీ నోటికొచ్చిన అంకెలతో నింపేయడం ఆమె కళ్ళారా చూసింది. వాళ్ళ చేతిలో అక్క స్టాపు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆఫీసులో రెండు నిబంధనలున్నాయి. ఎవరి పేట వాళ్ళు లెక్కపెట్టకూడదు, అది ఒకటి. దేనికి లెక్కపెడుతున్నారో జనంతో అనకూడదు, అది రెండు. ఈ రెండోది ఊరికే పెట్టలేదు. ఒకచోట సంగతి బయటికి పొక్కి, పేటవాళ్ళంతా గీత మీదుగా పొద్దస్తమానం ఊరేగింపులా తిరిగారు. ఒకే ముసలమ్మ పదిహేడుసార్లు దాటింది. ఆ లెక్క చెత్తబుట్టలో పడింది.

లెక్కలక్క మొదటి నిబంధన దగ్గర బతిమాలుకుంది. ఈ లైను పని చూసే ఇంజనీరు ముప్పై దాటని అమ్మాయి, మెత్తని మనిషి. ఆమె దగ్గరికి మూడు రోజులు వరసగా వెళ్ళి, మా సందు నాకివ్వండి, ఒక్కటి ఎక్కువ రాయను, ఒక్కటి తక్కువ రాయను అని కాళ్ళావేళ్ళా పడినంత పని చేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు చూసి ఆ అమ్మాయి సరేనంది. మొదటి నిబంధన తన కోసం సడలించారు గనక రెండోదాన్ని లెక్కలక్క ప్రాణంలా పట్టుకుంది. సందులో ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు.

చెప్పింది ఒక్కటే. ముందురోజు సాయంత్రం పంపు దగ్గర, ఇస్త్రీ బల్ల దగ్గర, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర ఆగి, రేపు నేను సందు మొగలో పనిలో ఉంటాను, దయచేసి నన్ను పలకరించకండి, మాటల్లో పడితే లెక్క తప్పుతుంది అంది. అంతా తలలూపారు. ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటుంది గనక ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి అక్కతోనూ అదే మాట అంది.

మర్నాడు మంగళవారం. అక్కకు ఆసుపత్రి లేని రోజు. ఆరు గంటలకల్లా గీత గీసి, కుర్చీ వేసుకుని, తల దించుకుని కూర్చుంది లెక్కలక్క.

మొదటి పావుగంట పదకొండు మంది. ఇంకా తెల్లారలేదులే అనుకుంది. ఏడింటికి ఫ్యాక్టరీ షిఫ్టు జనం రావాలి. వచ్చాయి కొన్ని కాళ్ళు. బజారు హమాలీల మట్టికాళ్ళు, బస్సు మారడానికి అడ్డంగా దాటే బూట్లు. ఎనిమిదయ్యేసరికి కౌంటరు మీద బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంది. వేలు అరిగిపోవాల్సిన వేళలో వేలికి పని లేదు. ఫ్యాక్టరీకి సెలవేమో అనుకుంది. బజారులో ఏదైనా గొడవేమో అనుకుంది. తల ఎత్తి చూద్దామని రెండుసార్లు మనసు పీకింది. ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళలో ఎత్తని తల, సొంత సందు అయ్యేసరికి ఎత్తితే ఎలా? ఒకరూ పలకరించలేదు. చెప్పిన మాట విన్నారు, మంచివాళ్ళు అనుకుంది.

పది గంటలకు అన్ని గడులూ కూడితే నాలుగు వందల పన్నెండు.

కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆమె చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. పెన్ను చేతిలోనే ఉంది. పదహారు గడులు. ఒక్కో గడిలో నలభై కలిపితే చాలు, అడిగే దిక్కు లేదు. పైగా అది అబద్ధం కూడా కాదు, కిటికీలోంచి చూసిన నిజం. అక్క మొహం కళ్ళ ముందు మెదిలింది. కానీ ఆ పొద్దున ఆ గీత దాటింది నాలుగు వందల పన్నెండు మందే, ఇంకొక్కరు కూడా దాటలేదు. కింద సంతకం పెట్టింది. సంతకం వంకర పోలేదు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కూర్చుంటే, తిరిగొచ్చిన వాళ్ళూ అంతంతమాత్రమే.

రెండు రోజుల తర్వాత ఇంజనీరు అమ్మాయి పిలిపించింది. ఎదురుగా కాగితం పెట్టుకుని, పెన్నుతో ఆ అంకె మీద మెల్లగా తడుతూ కూర్చుని ఉంది.

"అక్కా, ఇది నాకెందుకో తక్కువగా కనిపిస్తోంది. సందులో మూడొందల నలభై ఇళ్ళున్నాయి కదా. కావాలంటే ఇంకో రోజు ఇస్తాను, మళ్ళీ కూర్చోండి."

దేవుడు పిలిచి వరమిస్తానంటే వద్దన్నట్టయింది ఆ తర్వాత జరిగింది. మళ్ళీ కూర్చుంటే పదహారు వందలు వస్తాయని లెక్కలక్కకు తెలుసు. అప్పుడు జనం ఏమంటారు? సొంత సందు అడిగి మరీ వేయించుకుంది, మొదటిసారి తక్కువ వస్తే రెండోసారి నాలుగు రెట్లు చేసి రాసుకొచ్చింది అంటారు. అసలు ఆమె వెనక ఇంకోసారి లెక్కపెట్టడమన్నది ఇన్నేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. విప్పి చూడని గుండీల పొట్లాల నాటి నుంచి జరగలేదు. మొహం ఎర్రబడింది.

"నా లెక్క తప్పదమ్మా," అంది.

ఆ అమ్మాయి కాగితం ఫైల్లో పెట్టేసింది.

మూడు నెలలకు నక్షా సిద్ధమైంది. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని ఒక బడి హాల్లో సభ పెట్టారు. మౌఖికంగానైనా సరే, కాగితం మీదైనా సరే, ఆ రోజు సాయంత్రం ఐదు గంటల దాకా. ఆ తర్వాత ఏమీ తీసుకోరు. బల్లలు వరసగా కలిపి నక్షాను చుట్ట విప్పినట్టు పరిచారు. రోడ్డంతా బూడిదరంగు, స్టాపులు పసుపుచుక్కలు. జనం వేళ్ళతో తమ ఇళ్ళను వెతుక్కుంటున్నారు. బజారు గేటు దగ్గర ఒక చుక్క, వంతెన దగ్గర ఒక చుక్క. మధ్యలో వాళ్ళ సందు సన్నటి తెల్లగీత. దాని ముందు చుక్క లేదు.

సందువాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. లెక్కలక్కను అడిగితే నలభై మూడు అంటుంది. ఇస్త్రీ మామయ్య మూడు వందల సంతకాలతో ఒక అర్జీ పట్టుకొచ్చాడు. పెద్దక్క ముందు వరసలో కూర్చుంది. లెక్కలక్క ఆఫీసువాళ్ళతో పాటు గోడవారన నిలబడింది. ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తోంది.

ఇస్త్రీ మామయ్య లేచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మొగలోనే నిలబడి పనిచేస్తున్నానని, పొద్దున జనం వరద చూసి బల్ల గోడకు ఆనించుకుంటానని, అలాంటి చోట స్టాపు లేదంటే ఎలాగని, తడబడకుండా చెప్పాడు. వేదిక మీది పెద్ద అధికారి ఫైలు తిరగేశాడు. కోపంగా ఏమీ అనలేదు, మర్యాదగానే చెప్పాడు.

"పొద్దుటి లెక్క నాలుగు వందల పన్నెండు. తీసింది మీ సందు మనిషే, అదిగో, అక్కడ నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ లెక్క ఒక్కసారి కూడా తప్పని తేలలేదు. ఆవిడ లెక్క తప్పని మీరంటే చెప్పండి, రాసుకుంటాం."

నలభై తలలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. ఇస్త్రీ మామయ్య నోరు తెరిచాడు. లెక్కలక్కను చూశాడు. ముందు వరసలో పెద్దక్కను చూశాడు. పెద్దక్క చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుని చిన్నగా నొక్కింది. ఆయన అర్జీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"అక్క లెక్కపెట్టిందంటే ఇంక మేం అనేదేం లేదండి," అని కూర్చున్నాడు.

గడియారం ఐదు కొట్టింది. ఫైలు మూసేశారు.

ఇంటికి వచ్చాక లెక్కలక్క ఊరుకోలేదు. స్టాపు పోయిన దుఃఖం ఎటు పోవాలో తెలియక ఇస్త్రీ మామయ్య మీదికి పోయింది. చెప్పులు విప్పుతూ మొదలుపెట్టి, పొయ్యి మీద గిన్నె పెడుతూ కూడా ఆపలేదు. మూడొందల సంతకాలు జేబులో పెట్టుకుని పిల్లిలా కూర్చున్నాడని, మాట్లాడాల్సిన చోట నోరు పడిపోయిందని, ఇలాంటి పెద్దమనిషిని నమ్ముకున్నందుకు సందుకు తగిన శాస్తి జరిగిందని నానా మాటలూ అంది. మంచం మీద వాలి ఉన్న పెద్దక్క వింది, వింది, ఇక వినలేకపోయింది.

"ఆయన్నేమనకే. ఆయన నోరు నొక్కింది నేను."

లెక్కలక్క వెనక్కి తిరిగింది.

"ఆ రోజు నువ్వే కదా, పలకరించొద్దని అందరికీ చెప్పావు," అంది పెద్దక్క. "మన సందులో ఒకరినొకరు పలకరించకుండా ఎవరు పోయారే ఎప్పుడైనా? నువ్వు అక్కడ కూర్చుని ఉంటే, చూసీ చూడనట్టు ఎలా దాటతారు? దాటితే నోరు ఆగదు, నోరు ఆగకపోతే నీ లెక్క పోతుంది. అందుకని రాత్రే ఇంటింటికీ వెళ్ళి చెప్పాను, రేపు మా చెల్లి ముందు నుంచి పోకండర్రా అని. పాపం, ఒక్కరు కాదనలేదు. వెనక గోడౌను పగులు గోడలోంచి దూరి, కాలవ మీద చెక్క దాటి, బజారు గేటు దాకా నడిచి బస్సెక్కారు. సాయంత్రం కూడా అలాగే వచ్చారు. ఇస్త్రీ మామయ్య బల్ల కూడా తీసేశాడు ఆ రోజు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. లెక్కలక్క పొయ్యి ఆర్పేసి మంచం ఎదుట నేల మీద కూర్చుంది. రెండు గదుల మధ్య ఇరవై ఎనిమిది అడుగులు వేస్తేనే ఆయాసపడే మనిషి, ఆసుపత్రి నుంచి వచ్చిన సోమవారం రాత్రే మూడొందల నలభై గడపలు ఎక్కి దిగింది. ఎప్పుడు వెళ్ళిందో లెక్కలక్కకు తెలియనే తెలియదు, తను కౌంటరు తుడుచుకుని, పెన్నులు సరిచూసుకుని, ఆ రాత్రి తొందరగా పడుకుంది.

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగింది. "ఐదు గంటల దాకా టైముంది కదా. ఒక్క మాట చాలు కదా."

"అంత పెద్దవాళ్ళ ముందు నీ లెక్క తప్పని నా నోటితో ఎలా చెప్పనే?" అంది పెద్దక్క. "నీ ఉద్యోగం ఏం కావాలి? నీ లెక్క స్టాపు కోసమని నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. తెలిసుంటే ఆ రోజు ఒక్కొక్కళ్ళని రెండేసిసార్లు నడిపించేదాన్ని."

ఆ రాత్రి ఆ ఇంట్లో ఇద్దరూ అన్నం ముట్టలేదు.

తెల్లారగానే లెక్కలక్క ఆఫీసు తలుపు తెరవకముందే వెళ్ళి నిలబడింది. ఇంజనీరు అమ్మాయి రాగానే ఉన్నదున్నట్టు చెప్పింది. నా లెక్క తప్పు, మళ్ళీ లెక్కపెట్టించండి, ఈసారి వేరేవాళ్ళనే కూర్చోబెట్టండి, నా ఉద్యోగం తీసేసినా ఫరవాలేదు అంది. ఆ అమ్మాయి అంతా విని, కళ్ళజోడు తీసి, చేత్తో కళ్ళు నొక్కుకుంది.

"లెక్క తప్పు కాదు కదక్కా," అంది చివరికి. "ఆ రోజు దాటింది అంతమందే. నిన్న మీ సందు నుంచి ఒక్క అభ్యంతరం కూడా మిగల్లేదని రాసి సంతకాలు చేసి రాత్రే పైకి పంపేశారు. ఇంక నా చేతిలో లేదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నేను ఒక రోజు ఇస్తానన్నాను కదక్కా," అంది.

ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే లెక్కలక్కకు కాస్త తేలికగా ఉండేదేమో. లెక్కలక్క ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. దానికి రసీదు నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది, ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు.

సందులో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. పంపు దగ్గర బిందె ముందుకు జరిపి చోటిచ్చేవారు, అక్కకెలా ఉందని అడిగేవారు, ఆ రోజు ప్రస్తావన పొరపాటున కూడా తెచ్చేవారు కాదు. ఇస్త్రీ మామయ్య బట్టలు మడిచి ఇస్తూ వానల గురించి మాట్లాడేవాడు. వాళ్ళ మంచితనం మోయడం ఆమెకు రోజురోజుకూ కష్టమైపోయింది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు సందు మొగ వదిలేసి గోడౌను వైపు నుంచి రావడం అలవాటు చేసుకుంది.

ఏడాదిన్నరకు రోడ్డు తవ్వారు. బస్సు పోయింది. టోకు బజారు వైపు అంతా గుంతలే గనక వంతెన దాకా నడిచి, అక్కడి నుంచి వేరే బస్సు పట్టుకోవాలి. రేపు చిన్నరైలు వచ్చినా అదే నడక. గుమ్మం నుంచి వంతెన దాకా లెక్కలక్క అడుగులతో పద్దెనిమిది వందల డెబ్భై ఆరు. పెద్దక్క అడుగులు చిన్నవి, వాటిని లెక్కపెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఆగి కూర్చున్న చోట్లు మాత్రం లెక్కకు అందకుండా పోలేదు. మొదటి వారం ఐదు చోట్ల, నెల తిరిగేసరికి తొమ్మిది చోట్ల. ఇనుప రేకుల కంచె వెంబడి, దుమ్ములో, ఎవరి మెట్లు కనిపిస్తే వాటి మీద కూర్చునేది. తిరిగి వచ్చేటప్పుడు మాటలు ఉండేవి కావు. ఒకసారి సగం దారిలో కూర్చుని, నువ్వు వెళ్ళి పని చూసుకోవే, నేను మెల్లగా వస్తాను అంది. లెక్కలక్క ఆమె పక్కనే ఆ మెట్ల మీద గంటన్నర కూర్చుంది.

తర్వాతి బుధవారం లెక్కలక్క చెప్పులు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడింది. పెద్దక్క మంచం మీంచి లేవలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది. కాళ్ళు నీరు పట్టి దుప్పటి కింద ఎత్తుగా కనిపిస్తున్నాయి.

"ఇవాళ వద్దులేవే," అంది. "మొన్న డాక్టరు చెప్పాడు, నీతో చెప్పడం మరిచిపోయాను. ఇకనుంచి వారానికి రెండుసార్లు చాలట."

మొన్న డాక్టరు దగ్గర లెక్కలక్క పక్కనే ఉంది. డాక్టరు మూడన్నాడు, మూడు వేళ్ళు చూపించి మరీ అన్నాడు. మూడు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మంచం దగ్గరికి వెళ్ళి, సంచీ కింద పెట్టి, అక్క పాదాల దగ్గర కూర్చుంది.

"సరే అక్కా," అంది. "రెండే."